‘ఇచ్చోటనే’ అందామా, ‘ఇచ్చోట, ఏ’ అందామా? కాటిసీను పద్యం మీద చర్చ

ఈ మధ్య గుంటూరు వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలో హరిశ్చంద్ర నాటకం చూశాను. నక్షత్రకుడు హాలంతా నవ్వించాడు. చంద్రమతి మాత్రం నాకు నచ్చలేదు, ఏడుపు తప్ప మాట వినపడలేదు. ఆ తర్వాత విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల మధ్య జాషువ గారి ఖండకావ్యాలు కనబడితే కొనుక్కొచ్చాను. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిదే అయినా, కాటిసీనులో జనం ఎదురుచూసే పద్యాలు జాషువ గారి ‘శ్మశానవాటి’లోవని ఇక్కడ చాలామందికి తెలుసు. హాల్లో నా పక్కన కూర్చున్న పెద్దాయనకు చెబితే నమ్మలేదు.

నా సందేహం ఈ పద్యం గురించి:

ఇచ్చోట నే సత్కవీంద్రుని కమ్మని
కలము నిప్పులలోన గరగిపోయె

స్టేజీ మీద ‘ఇచ్చోటనే...’ అని సాగదీసి, రాగం తీసి, ఊపిరి తీసుకుని, అప్పుడు ‘సత్కవీంద్రుని’ అందుకుంటారు. వినేవాళ్లకు ‘సరిగ్గా ఇక్కడే’ అని తోస్తుంది. చదువుతుంటే నాకు అలా అనిపించలేదు. ‘ఇచ్చోటన్’ తర్వాత ‘ఏ సత్కవీంద్రుని’ వచ్చింది, ద్రుతం (చివరి ‘న్’) మీద అచ్చు వాలింది, అంతే. తర్వాతి పాదాలూ అదే వరస: ఏ భూములేలు రాజన్యుని, ఏ లేత యిల్లాలి.

‘ఇక్కడే’ అంటే ఆ కవి ఎవరో మనకు తెలుసు, చోటు చూపిస్తున్నాం. ‘ఏ’ అంటే ఎవరి కలమో చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. నన్ను రాత్రి నిద్రపోనివ్వనిది ఈ రెండోదే.

ఇంకో సంగతి. ఇల్లాలి నల్లపూసల సౌరు ‘గంగలో కలసిపోయె’ అన్నారు కవి. మనం రోజూ వాడే మాటే కదా, డబ్బు పోయినా పరువు పోయినా గంగలో కలిసిందంటాం. కానీ అదే పద్యం కాశీలో కాటికాపరిగా ఉన్న హరిశ్చంద్రుడి నోట వచ్చేసరికి పక్కన నిజంగానే గంగ పారుతోంది! నాటకం కోసం రాయని పద్యం ఆ సీనులో అంతలా ఇమిడిపోవడం చూసి ముచ్చటేసింది.

తెనాలి మాస్టారు: అమ్మా, నీ విరుపు బాగానే ఉంది గానీ ఒక అభ్యంతరం. ‘ఏ’ ఉంటే చివర ‘ఓ’ రావాలి గదా? ఏ కవి కలం కరిగిపోయెనో అనాలి. అదే ఖండికలో ‘ఏ తల్లు లల్లాడిరో’ అని ఆయనే రాశారు. ఇక్కడ ‘కరగిపోయె’ అని ఊరుకున్నారంటే ‘ఇచ్చోటనే’ అన్నదానికీ దారి ఉన్నట్టే.

నా జవాబు: మాస్టారూ, నాలుగో పాదం చూడండి. ‘ఇచ్చోట నెట్టి పేరెన్నికం గనుగొన్న చిత్రలేఖకుని కుంచియ నశించె’. అక్కడ ‘ఇచ్చోటనే’ అని విరవడానికి వీల్లేదు, ‘ఎట్టి’ అని తేటగా ఉంది. దాని చివరా ‘ఓ’ లేదు. నాలుగూ ఒకే ఎత్తుగడ కాబట్టి మొదటి మూడూ ‘ఏ’ అనే నా నమ్మకం. ‘ఓ’ పెడితే సందేహం అవుతుంది. తీసేస్తే గుండె బాదుకోవడం అవుతుంది. ఊళ్లో ఎవరైనా పోతే ‘ఎలాంటి మనిషి పోయాడు!’ అంటాం, ‘పోయాడో’ అనం కదండీ.

తెనాలి మాస్టారు: ‘ఎలాంటి’తో చెల్లింది ‘ఏ’తో అంత తేలిగ్గా చెల్లదు. అయినా నాలుగో పాదం సాక్ష్యం గట్టిదే. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం) కూడా చూసుకో, సత్కవి, ఇంద్రుడు కలిసినచోట ‘ఇ’కి ‘ఇ’ కుదిర్చారు. అంత చూసి రాసేవాడు ‘ఏ’ని ఊరికే పెట్టడులే.

మంగళగిరి చెల్లెలు: అక్కా, ‘ఇట నస్పృశ్యత సంచరించుటకు దావే లేదు’ పద్యం పాడారా?

నా జవాబు: పాడలేదమ్మా. టైము సరిపోలేదేమో. నాకైతే అదే వెలితి. వినుకొండలో పుట్టి, ఎంత చదివినా ఎంత రాసినా కులం పేరుతో అవమానాలు పడ్డ మనిషి, అంటరానితనం అడుగుపెట్టని చోటు కోసం వెతికితే ఆయనకు దొరికింది శ్మశానం. ఆ పద్యం వదిలేస్తే మిగతావి వైరాగ్యం పద్యాల్లా వినబడతాయి. ఖండికంతా కలిపి చదివితే కోపం కనిపిస్తుంది.

హార్మోనియం బాబాయి: మీ వ్యాకరణం బాగుందమ్మాయ్. ‘ఇచ్చోట’ దగ్గర ఆపమని నటుడికి చెప్పి చూడు. గణం (పద్యం నడకలో ఒక ముక్క) అక్కడే పూర్తవుతుంది, ఆపొచ్చు, తప్పు లేదు. కానీ ఆలాపన ఎక్కడ తీయాలి? ‘ట’ మీద తీస్తే గొంతు నిలవదు. ‘నే’ దీర్ఘం, అక్కడైతే ఎంతసేపైనా నిలబడొచ్చు. హరిశ్చంద్ర వేషానికి పేరుపడ్డ డి.వి. సుబ్బారావు గారి కాలం నుంచి జనం ‘వన్స్ మోర్’ అనేది కాటిసీను రాగానికే.

నా జవాబు: అయితే బాబాయ్, ‘ఇచ్చోట’ అని చిన్నగా ఆగి, ‘నే’ మీద ఎంత రాగమైనా తీసి, ఊపిరి తీసుకోకుండా ‘సత్కవీంద్రుని’లోకి దిగితే? ఆ ఒక్కచోట ఊపిరి ఆపగలిగితే అర్థం దక్కుతుంది, రాగమూ దక్కుతుంది. మీ నాటక సమాజంలో ఎవరితోనైనా ఒకసారి పాడించి రికార్డు పెట్టండి, విందాం.