చెరువు షెడ్డులో వర్చువల్ మెషీన్: ఐపీవీ6 పోర్ట్ ఫార్వార్డింగ్ ఎవరైనా చేశారా?

చెరువుగట్టు (భీమవరం పక్కన)
షెడ్డులో పాత ల్యాప్‌టాప్, దానిలో ఉబుంటు (లైనక్స్), క్యూఎమూ అనే ప్రోగ్రాంలో ఒక వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్). చెరువు నీటి ఆక్సిజన్ మీటరు రీడింగులు అందులోకే వస్తాయి. నెట్ వాళ్లిచ్చిన ఐపీవీ4 (పాత రకం) అడ్రస్ 100.72తో మొదలవుతుంది, అంటే సీజీనాట్ (ఒకే బయటి అడ్రస్‌ని చాలామందికి పంచే పద్ధతి) వెనక ఉన్నాం, బయటి నుంచి దారి లేదు. ఐపీవీ6 (కొత్త రకం అడ్రస్) మాత్రం ల్యాప్‌టాప్ దాకా చక్కగా అందుతోంది. నా దగ్గరున్న వెర్షన్‌లో హోస్ట్‌ఫార్వార్డ్ రూలు (ల్యాప్‌టాప్‌లో ఒక పోర్టుకి వచ్చినదాన్ని మెషీన్ లోపలికి పంపేది) ఐపీవీ4 తప్ప తీసుకోవడం లేదు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే టైముకి ఇంటి దగ్గర ఫోన్‌లో చూసుకోవాలి. షెడ్డులో వైఫై ఒక్కటే. క్యూఎమూ బదులు అలాంటిదే వర్చువల్‌బాక్స్‌కి మారమంటారా?

పాతసర్వర్
బ్రిడ్జి పెట్టి మెషీన్‌ని నేరుగా మీ నెట్‌వర్క్‌లో కలపండి, అయిపోతుంది. అడ్రస్‌కి 128 బిట్లు ఇచ్చింది దేనికండి? ప్రతి మెషీన్‌కీ సొంత అడ్రస్ ఉండాలనే. 1998లో రాసిన ప్రోటోకాల్‌ని పట్టుకుని ఇంకా నాట్ (ఒకే అడ్రస్ పంచుకునే) బుద్ధితోనే ఆలోచిస్తున్నాం.

గౌతమి_లైనక్స్
మాస్టారూ, ఆయన వైఫై అన్నారు, చదివారా? తనతో జతపడిన మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరు) నుంచి వచ్చే డేటా ఫ్రేములే యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే పెట్టె) తీసుకుంటుంది. మెషీన్ తన సొంత మ్యాక్‌తో పంపితే పడేస్తుంది. వైఫై మీద బ్రిడ్జి చేసి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

లంకకుర్రోడు
నా బాధ వేరు. ఫార్వార్డింగ్ 127.0.0.1 (ఐపీవీ4లో ఇదే కంప్యూటర్ అని అర్థం) మీద పెట్టి బ్రౌజరులో లోకల్‌హోస్ట్ అని కొడితే కనెక్షన్ రెఫ్యూజ్డ్. రెండు రోజులు మెషీన్ లోపల సర్వీసునే తిరగేశాను. తీరా చూస్తే బ్రౌజరు ముందు ::1కి (ఐపీవీ6లో అదే అర్థం) వెళుతోంది, అక్కడ వినేవాడు లేడు. లోకల్‌హోస్ట్ బదులు అంకెలు కొట్టగానే పేజీ వచ్చేసింది. ఆ రెండు రోజులు నిద్ర లేదండి.

తణుకు_కోడ్
నేను 15 ఏళ్లుగా నెట్‌వర్క్ కోడ్ రాస్తున్నాను, అసలు సంగతి చెబుతాను వినండి. రూలులో అడ్రస్‌కీ పోర్టుకీ మధ్య కోలన్ ఉంటుంది. ఐపీవీ6 అడ్రస్ నిండా కోలన్లే. ఎక్కడ కొయ్యాలో రూలు చదివే పార్సర్‌కి తెలియదు, అందుకే [::1]:2222 అని చదరపు బ్రాకెట్లలో రాయాలి. సపోర్టు కలపడమంటే మొదటి పని అక్కడే. తర్వాత :: (అన్ని అడ్రస్‌లూ అని అర్థం) మీద ఒక్క సాకెట్ (కనెక్షన్ల కోసం వినే చోటు) తెరిస్తే చాలు, ఐపీవీ4 కూడా దానిలోకే వస్తుంది.

పాతసర్వర్
"ఒక్క సాకెట్ చాలు" అనేది లైనక్స్‌లో మాట. విండోస్‌లో ఐపీవీ6 సాకెట్ మొదటి నుంచీ ఐపీవీ6కే పరిమితం, ఆ సెట్టింగ్ మనం తీయాలి. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఇంకో సిస్టమ్‌లో అసలు కుదరదు. 15 ఏళ్లలో ఒక్కసారైనా లైనక్స్ దాటి వెళ్లారా?

తణుకు_కోడ్
ఆయన నడిపేది ఉబుంటు. ఓపెన్‌బీఎస్‌డీ ఎవరడిగారు? నా అనుభవాన్ని లెక్కపెట్టే పని మీకు అక్కరలేదు.

పాతసర్వర్
అందరూ వాడే సాఫ్ట్‌వేర్‌లో సపోర్టు కలిపేటప్పుడు అందరి సిస్టమ్‌లూ చూడాలి. రెండు సాకెట్లు విడివిడిగా తెరవడమే పద్ధతి. దీని మీద నేను వెనక్కి తగ్గను.

చెరువుగట్టు
అండీ, మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి. చెరువులో పంట ఉంది నాకు.

గౌతమి_లైనక్స్
వర్చువల్‌బాక్స్‌లో నాట్ నెట్‌వర్క్ తీసుకుంటే ఐపీవీ6 రూల్స్‌కి విడిగా ట్యాబ్ ఉంది. కానీ పంట మధ్యలో మెషీన్ మార్చకండి. ల్యాప్‌టాప్ మీద సోక్యాట్ అనే చిన్న ప్రోగ్రాం పెట్టండి. అది ఐపీవీ6లో 8443 వింటుంది, వచ్చినదాన్ని 127.0.0.1లో 8080కి అందిస్తుంది. అక్కడి నుంచి మీ పాత ఐపీవీ4 రూలే లోపలికి తీసుకెళుతుంది. ఒక్క లైను. రౌటర్ ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క పోర్టే తెరవండి.

రాజోలు_అడ్మిన్
సోక్యాట్‌తో నాకు జరిగింది చెప్పాలి. దాని ద్వారా వచ్చినవాళ్లంతా మెషీన్‌కి 10.0.2.2గా (లోపలి నుంచి ల్యాప్‌టాప్‌కి ఉండే అడ్రస్) కనిపిస్తారు. నేను తప్పు పాస్‌వర్డ్ కొట్టేవాళ్లని ఆపే ప్రోగ్రాం లోపల పెట్టాను. ఓ రాత్రి ఎవడో గుచ్చిగుచ్చి ప్రయత్నించాడు, అది 10.0.2.2ని మూసేసింది. మా నాన్నగారు ఫోన్ చేసి "ఏరా, స్క్రీన్ రావట్లేదు" అనేదాకా నేనూ బయటే ఉన్నానని తెలియలేదు. వర్షంలో బండి మీద చెరువుకి వెళ్లి తీశాను. అడ్డుకునే ప్రోగ్రాం ల్యాప్‌టాప్ మీదే పెట్టండి, అసలు అడ్రస్ కనిపించేది అక్కడే.

లంకకుర్రోడు
కరెంటు పోతే ఏంటండి? మా వైపు గాలివానకి రౌటర్ ముందు ఆగిపోతుంది. ఏరేటర్లకి (నీటిలో గాలి కలిపే యంత్రాలకి) జనరేటర్ ఉంది గానీ రౌటర్‌కి లేదు.

చెరువుగట్టు
గౌతమి గారూ, పనిచేసింది! ఇప్పుడే ఇంటి నుంచి చూశాను, ఆక్సిజన్ 4.6 చూపిస్తోంది. రాజోలు గారు చెప్పిన ప్రోగ్రాం కూడా బయటికి మార్చాను. రౌటర్‌కి చిన్న బ్యాటరీ రేపు తెస్తాను. లంకకుర్రోడు గారూ, మీరు ఎన్ని వోల్టులది వాడుతున్నారు?

పాతసర్వర్
వైఫై పక్కన పెట్టి షెడ్డుకి కేబుల్ లాగితే ఇవేవీ అక్కరలేదు.