అప్‌డేట్: టోక్యోలో చవకైన ఉదోన్ హోటల్, శాకాహారి అయిన అమ్మ

మాంసం, చేప ముట్టని మా అమ్మ టోక్యో వస్తోందని, ఇక్కడి చవకైన ఉదోన్ (పులుసులో వేసిచ్చే లావుపాటి గోధుమ నూడుల్స్) హోటళ్లలో ఆమె ఏం తినగలదని గత నెల అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

హోటల్ వాళ్లు పెట్టే అలర్జీ పదార్థాల పట్టిక చూడమన్న సలహా మాకు పనికిరాలేదు. జపాన్‌లో ప్యాకెట్ ఆహారంపై తప్పనిసరిగా చూపవలసినవి రొయ్య, పీత, గోధుమ, గుడ్డు, పాలు వంటి కొన్ని పదార్థాలే, హోటళ్ల పట్టికలూ సాధారణంగా అలాంటివాటినే చూపుతాయి. పులుసుకు వాడే కత్సువో చేప వాటిలో లేదు కనుక, పట్టికలో చేప ఊసే లేకపోయినా గిన్నెలో అది ఉండవచ్చు. ‘దాషి’, అంటే పులుసుకు మూలమైన రసం, దేనితో కాచారో నేరుగా అడగమన్న సలహాయే అక్కరకొచ్చింది. అడగగానే వంటాయన చెక్క చిత్రిక పట్టిన పొట్టులా పలుచగా, లేత గులాబీ రంగులో ఉన్న చేప రేకులను దోసిట్లో తెచ్చి చూపించాడు. ఆ వాసన తగలగానే అమ్మ గిన్నెను మెల్లగా పక్కకు జరిపింది. చల్లని సోబా (బక్‌వీట్ పిండి నూడుల్స్) ముంచుకుని తినే సాస్ కూడా సాధారణంగా ఆ రేకులతోనే చేస్తారని ఆయనే చెప్పాడు.

చివరికి కోకో ఇచిబన్యా అనే కూర-అన్నం హోటళ్ల గొలుసులో మాంసం లేని శాకాహార కూర, అన్నం దొరికాయి. అన్ని శాఖల్లోనూ అది ఉండదు కాబట్టి ముందే కనుక్కొని వెళ్లాలి. అక్కడ కారం ఎంతో మనమే చెప్పుకోవచ్చు, అమ్మ తృప్తిగా తిన్నది. ఉదోన్ హోటల్‌లో ముందే డబ్బు కట్టి తిండికి టికెట్ తీసుకునే యంత్రం గురించి నేను పడిన ఆందోళన మాత్రం అనవసరం. బొమ్మ చూసి మీట నొక్కితే సరిపోయింది.