‘యూజుఫ్రక్ట్’కి తెలుగేమిటి?

ప్రశ్న: 1789 సెప్టెంబరు 6న థామస్ జెఫర్సన్ పారిస్ నుంచి జేమ్స్ మాడిసన్‌కు (ఇద్దరూ తర్వాత అమెరికా అధ్యక్షులయ్యారు) రాసిన ఉత్తరం తెలుగు చేస్తున్నాను. ఒక తరం చేసిన అప్పు తర్వాతి తరాన్ని కట్టెయ్యవచ్చా అన్నది అందులో ప్రశ్న. భూమి ‘యూజుఫ్రక్ట్‌గా’ బతికున్నవాళ్లది అంటాడు. ‘ఫలోపభోగం’ అని రాశాను. చదివినవాళ్లెవరికీ ఎక్కలేదు.

జవాబు: మా తాతగారి వీలునామాలో ఆ మాట ఉందండీ. నాయనమ్మకు రాసిన మూడెకరాల దగ్గర, ‘జీవితాంతం అనుభవించుటకే గాని దానవిక్రయాదులకు హక్కు లేదు’ అని. పండు తినొచ్చు, చెట్టు అమ్మకూడదు. యూజుఫ్రక్ట్ అంటే సరిగ్గా అదే. ‘భూమి బతికున్నవాళ్ల అనుభవానికే’ అనండి, చాలు.

జెఫర్సన్‌కిది పుస్తకాల మాట కాదు. 1773లో మామగారు జాన్ వేల్స్ పోయారు. అల్లుళ్లు అప్పు తీరకముందే ఎస్టేట్ పంచుకున్నారు, దాంతో బాకీ వాళ్ల మెడకు చుట్టుకుంది. భార్య వాటాగా సుమారు 11,000 ఎకరాలు, 135 మంది బానిసలు, ఇంగ్లండ్‌లో, బ్రిస్టల్‌లోని ఫారెల్ అండ్ జోన్స్ కంపెనీ బాకీలో భాగం వచ్చాయి. బాకీ తీర్చడానికి భూములమ్మితే, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో విలువ పోయిన కాగితం డబ్బు చేతికొచ్చింది. ఆ యుద్ధం ముగిస్తూ బ్రిటన్‌తో చేసుకున్న 1783 ఒప్పందం నాలుగో అధికరణం ఆ బాకీలు పూర్తిగా స్టెర్లింగ్‌లోనే (బ్రిటిష్ పౌండ్లలోనే) వసూలు చేసుకోవచ్చంది. భూమీ పోయింది, బాకీ అలాగే నిలిచింది!

మరో జవాబు: ‘అనుభవం’ నాకూ నచ్చింది. ‘ప్రాపర్టీ’కి ‘సొత్తు’ అని రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఈ అప్పులు తండ్రి నుంచి కొడుక్కి దిగి, తోటల యజమానులే లండన్ షావుకార్ల సొత్తయ్యారని జెఫర్సనే మరోచోట రాశాడు. అక్కడ సొత్తు ఉపమానం. 1826 జులై 4న ఆయన లక్ష డాలర్లకు పైగా అప్పుతో పోయాడు. 1827 జనవరిలో ఆయన ఎస్టేట్ మాంటిసెల్లోలో వేలానికి ప్రకటించిన 130 మంది బానిసల విషయంలో అది ఉపమానం కాదు, చట్టం. సామాన్లతో, పశువులతో పాటే వాళ్లనూ పెట్టారు. ఆయన ‘బతికున్నవాళ్లు’ అన్న లెక్కలో వాళ్లు లేరు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుంటుంది.

ప్రశ్నించినవారు: ‘అనుభవం’ ఖాయం చేస్తున్నాను. ‘సొత్తు’ యజమానుల దగ్గరా బానిసల దగ్గరా, రెండుచోట్లా అదే మాట ఉంచుతాను, మార్చను. ఆ 130 మంది సంగతి మాత్రం ఉత్తరం కిందే రాస్తాను.