రాత్రయితే గేటు కెమెరా రీస్టార్ట్ అవుతోంది: కేబుల్ మార్చాలా, ఇంజెక్టర్ పెట్టాలా?

అందరికీ నమస్కారం. గుంటూరులో మాకు మిర్చి గోడౌన్ ఉంది. సీజన్‌లో రాత్రిపూట కూడా లారీలు వస్తాయి కాబట్టి గేటు దగ్గర కెమెరా ఆగిపోతే నాకు నిద్ర పట్టదు. పగలంతా బాగానే ఉంటుంది. చీకటి పడి కెమెరాలోని ఐఆర్ లైట్లు (చీకట్లో చూడటానికి వాడే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు) వెలగగానే అదొక్కటే ఆగి ఆగి రీస్టార్ట్ అవుతోంది. మిగతావి బాగానే ఉన్నాయి.

కెమెరా మీద గరిష్ఠం 12 వాట్లని రాసి ఉంది. పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కెమెరాకు కరెంటు కూడా పంపేది) 802.3ఏఎఫ్ ప్రమాణం రకం. పోర్టు దగ్గర 15.4 వాట్లు ఇచ్చినా, 100 మీటర్ల చివర 12.95 వాట్లకే గ్యారంటీ అని చదివాను, అదీ అసలు రాగి కేబుల్ అయితేనే. మాది దాదాపు 90 మీటర్లు, పైగా రాగి పూత వేసిన అల్యూమినియం. అదే కెమెరాను చిన్న కేబుల్‌తో స్విచ్ పక్కనే పెడితే రాత్రంతా ఆగలేదు. అందుకే నా అనుమానమంతా కేబుల్ మీదే.

ఇంకా ఎక్కువ పవర్ ఇచ్చే 802.3ఏటీ ఇంజెక్టర్ (కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే పెట్టె) పెడితే ఈ కేబుల్‌తోనే నడుస్తుందా, లేక కెమెరా ఏఎఫ్ రకమే కాబట్టి తేడా ఉండదా? మధ్యలో కేబుల్ దూరం పెంచే పీఓఈ ఎక్స్‌టెండర్ పెట్టమంటున్నారు గానీ, మా ఎండలకు రేకుల కింద అది తట్టుకుంటుందా? ఇలాంటి చోట పనిచేసినవాళ్లు చెప్పండి, కొత్త కేబుల్ లాగించే ముందు తెలుసుకోవాలి.