శ్రమలు మన ఎదుగుదలకేనని దుఃఖంలో ఉన్నవాళ్లకు చెప్పాలా?

తార్నాక సిస్టర్:
అందరికీ వందనాలు. అమ్మ పోయాక ఇంట్లో ఆదరణ కూడిక పెట్టుకున్నాం. సంఘ పెద్ద ఒకాయన రోమా 5 (బైబిల్లో పౌలు రాసిన రోమా పత్రిక, 5వ అధ్యాయం) చదివి, "మీ కుటుంబం ఆత్మీయంగా ఎదగాలనే దేవుడు ఈ శ్రమను అనుమతించాడు" అన్నారు. అందరూ చూస్తుండగానే నాన్న లేచి లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. ఆ మాట అక్కడ అనడం సరైనదేనా?

రామ్‌నగర్ బ్రదర్:
ఆయన సొంత మాట చెప్పలేదు సిస్టర్, వాక్యం చెప్పారు. శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేస్తుందని రాసిన పౌలు దెబ్బలు తిన్నాడు, ఓడ పగిలి సముద్రంలో పడ్డాడు, చెరసాలలో ఉన్నాడు. తన శరీరంలో ముల్లులాంటి బాధను తీసేయమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకుంటే "నా కృప నీకు చాలును" అనే జవాబే వచ్చింది. ఆస్తినీ పిల్లల్నీ పోగొట్టుకున్న యోబుకైతే పోయినదంతా రెండంతలు దొరికింది.

తార్నాక సిస్టర్:
పౌలు చెప్పింది తను పడ్డ శ్రమల గురించి. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద మాట్లాడకుండా కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు. నోరు తెరిచి కారణాలు చెప్పాకే దేవుడికి కోపం వచ్చింది, యోబు గ్రంథం 42:7 చూడండి. రెండంతలు అంటున్నారు, చనిపోయిన పిల్లలు తిరిగొచ్చారా?

రామ్‌నగర్ బ్రదర్:
గొర్రెలు 7,000 నుంచి 14,000 అయ్యాయి. పిల్లలు మాత్రం మళ్లీ పదిమందే. ఎందుకంటే మొదటి పదిమంది దేవుని దగ్గర ఉన్నారు. అంటే అదీ రెండంతలే.

బోయిన్‌పల్లి యూత్:
బ్రదర్, అక్క అడిగింది ఈ లెక్క కాదు.

మారేడ్‌పల్లి ఆంటీ:
చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ముందు ఏడ్చాడమ్మా. యోహాను 11:35.

మెదక్ నుంచి వచ్చి నగరంలో ఉన్నవాణ్ణి:
మా ఊరి చర్చి సంగతి చెప్తాను. కరువులో మాడుతున్న జనానికి మిషనరీ పోస్నెట్ దొర ముందు పని చూపించాడు, తిండి పెట్టాడు. ఆ జనం చేతులతోనే లేచిన గుడిని 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు.

రామ్‌నగర్ బ్రదర్:
నేననేదీ అదే. కరువు రాకపోతే ఆ గుడి ఉండేదా?

తార్నాక సిస్టర్:
గుడి లేవడానికి జనం ఆకలితో మాడాలా? మీ ఇంట్లో ఎవరైనా పోయుంటే ఇలా రాయరు.

రామ్‌నగర్ బ్రదర్:
పోయాడు. మా బాబు. సమాధి చేసిన రోజే ఒక బ్రదర్ నాకు రోమా 5 చెప్పాడు. ఇన్నేళ్లూ దాన్నే పట్టుకుని బతికాను. దానికి అర్థం లేదని మీరంటే, నా కొడుకు ఊరికే పోయాడని నేను ఒప్పుకోవాలి. ఒప్పుకోను.

తార్నాక సిస్టర్:
అన్నా, చాలా బాధగా ఉంది. బాబు గురించి మీరు ఆ మాట చెప్పుకుంటే కాదనడానికి నేనెవరిని? కానీ ఒకటి చెప్పండి. మీకు చెప్పినాయన అంతకు ముందు ఎక్కడున్నాడు?

రామ్‌నగర్ బ్రదర్:
ఐసీయూ బయట, నా పక్కనే. టీ తెచ్చేవాడు, మందుల చీటీ పట్టుకుని కిందికి పరిగెత్తేవాడు. రాత్రిళ్లు ఇంటికి పొమ్మన్నా పోలేదు.

తార్నాక సిస్టర్:
అమ్మ మంచాన పడ్డప్పటి నుంచి మా పెద్దాయన ఒక్కసారి కూడా గడప తొక్కలేదు. స్త్రీల కూడికకు అమ్మ ఎన్నో ఏళ్లు వంట చేసింది. చివరికి ఆమె నోట్లో నీళ్లు పోయడానికి నేనూ నాన్నా తప్ప ఎవరూ లేరు. రాని మనిషి వచ్చి ఎదుగుదల అంటే నాన్న ఎలా వింటారు?

రామ్‌నగర్ బ్రదర్:
రాకపోవడం తప్పే, పాపమే. అయినా వాక్యం అబద్ధం అయిపోదు.

తార్నాక సిస్టర్:
అబద్ధమని నేను అనలేదన్నా. నాన్న ఇప్పుడు 88వ కీర్తన ఒక్కటే చదువుతున్నారు, చివరి మాట దాకా చీకటే ఉన్న కీర్తన. అది కూడా బైబిల్లోదే.

రామ్‌నగర్ బ్రదర్:
చదవనివ్వండి. కానీ రోమా 5 కూడా ఒకరోజు ఆయన ముందు పెట్టండి.

తార్నాక సిస్టర్:
పెట్టను. ఆయనే తీస్తే పక్కన కూర్చుంటాను.