వృత్తి నియంత్రణ కౌన్సిల్‌కు స్టాండింగ్ కౌన్సెల్‌గా పనిచేయడం గురించి సలహా కోరుతున్నాను

అరండల్‌పేట న్యాయవాది, గుంటూరు:

పెద్దలకు నమస్కారం. గుంటూరు జిల్లా కోర్టుల్లో సివిల్ దావాలతో పాటు వినియోగదారుల కమిషన్‌లో రోగుల తరఫున వైద్య నిర్లక్ష్యం కేసులు కూడా నడుపుతున్న న్యాయవాదిని. వైద్యరంగ వృత్తులలో ఒకదాని రిజిస్ట్రేషన్లను చూసే రాష్ట్ర కౌన్సిల్‌కు హైకోర్టులో స్టాండింగ్ కౌన్సెల్‌గా, అంటే దాని తరఫున కేసులు వాదించే నియమిత న్యాయవాదిగా, దరఖాస్తు పెట్టుకోమని మా సీనియర్ గారు సూచించారు. హైకోర్టు ఉన్న నేలపాడుకు రోజూ వెళ్లిరావడం నాకు కష్టమేమీ కాదు గానీ, ఆ పని స్వభావం గురించి రెండు సందేహాలు తీరడం లేదు.

అది ఉద్యోగం కిందికి వస్తుందా, నా సొంత ప్రాక్టీసు కొనసాగించుకోవచ్చా అన్నది మొదటిది. కౌన్సిల్ తరఫున నిలబడడమంటే నిజానికి ఎవరి పక్షాన నిలబడినట్లు అన్నది రెండవది. రిజిస్ట్రేషన్ సస్పెండ్ అయిన డాక్టరు ఒకరోజు కౌన్సిల్ చర్యను సవాలు చేస్తూ హైకోర్టులో రిట్ పిటిషన్ వేస్తారు. తన ఫిర్యాదును పట్టించుకోలేదని రోగి మరొకరోజు రిట్ వేస్తారు. రెండింటికీ అదే న్యాయవాది కౌంటరు (కౌన్సిల్ జవాబు అఫిడవిట్) దాఖలు చేయాలి. ఇన్నేళ్లూ రోగుల కోసం వాదించిన నాకు ఇది మనసుకు ఇబ్బందిగా ఉంది. ఈ పని చేసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మాజీ స్టాండింగ్ కౌన్సెల్, విజయవాడ:

అమ్మా, మీ మొదటి సందేహానికి సమాధానం సులభం. స్టాండింగ్ కౌన్సెల్ నియామకం ఉద్యోగం కాదు. కొంత కాలానికి ఇచ్చే బాధ్యత, మీ ప్రాక్టీసు మీకు ఉంటుంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లోని 49వ నియమం నిషేధించేది పూర్తికాలపు జీతం ఉద్యోగాన్ని. పరీక్ష రాసి ఎంపికయ్యే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ల విషయంలో సైతం, ప్రభుత్వం తరఫున కోర్టులో వాదించడమే వారి పని కనుక వారు న్యాయవాదులుగానే కొనసాగుతారని దీపక్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు 2013లో తేల్చింది. అయితే ప్రభుత్వం మారితే ప్రభుత్వ ప్లీడర్లూ, స్టాండింగ్ కౌన్సెళ్లూ మారడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది, ఫీజు బిల్లులు కూడా అనుకున్న సమయానికి రావు. కాబట్టి గుంటూరులోని ఆఫీసునూ పాత కక్షిదారులనూ వదులుకోకండి.

ఈ పనిలోని సారమంతా మీ రెండవ సందేహంలో ఉంది. కౌన్సిల్‌కు ఎవరికీ జైలు శిక్ష వేసే అధికారం లేదు, రోగికి నష్టపరిహారం ఇప్పించే అధికారమూ లేదు. దాని చేతిలో ఉన్నది రిజిస్టరు ఒక్కటే. ఆ రిజిస్టరులో పేరున్న మనిషి చేతిలో ప్రాణం పెట్టవచ్చని జనం నమ్ముతారు, అందులో నుంచి పేరు తీసేస్తే ఆ మనిషికి రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణం ఇచ్చిన వృత్తి హక్కు ఆగిపోతుంది. కాబట్టి మీరు డాక్టరు పక్షాన గానీ రోగి పక్షాన గానీ ఉండరు. ఆ రిజిస్టరులోకి పేరు ఎక్కడమైనా, దిగడమైనా చట్టం చెప్పిన దారిలోనే జరిగేలా చూడడం మీ బాధ్యత. ఇది వినడానికి చప్పగా ఉంటుందేమో గానీ, రోగికి ఇంతకు మించిన మేలు కోర్టు గదిలో మీరు చేయలేరని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో చెబుతాను.

హైకోర్టులో కౌన్సిల్ ఉత్తర్వులు వీగిపోవడం నేను చాలాసార్లు చూశాను. డాక్టరు తప్పు చేయలేదని తేలినందువల్ల అవి వీగిపోవడం అరుదు, విచారణ సరిగా జరపనందువల్ల వీగిపోవడమే ఎక్కువ. నా చేతికి వచ్చిన ఒక ఫైలు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. సంజాయిషీ నోటీసులో "మీపై ఫిర్యాదు అందినది, వారం లోపు వివరణ ఇవ్వవలెను" అని రెండు పంక్తులు ఉన్నాయి. ఫిర్యాదు ప్రతిని జతచేసినట్లు ఎక్కడా లేదు. విచారణ రోజు హాజరు పట్టీలో సంతకాలు చేసిన సభ్యులు కొందరు, చివరి ఉత్తర్వు మీద సంతకాలు చేసిన సభ్యులు మరికొందరు. ఉత్తర్వులో కారణం అనదగినది ఒకే వాక్యం: "వివరణ సంతృప్తికరముగా లేదు." ఆ ఫిర్యాదులో చనిపోయిన మనిషి కేసు షీటు చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. అయినా ఆ ఉత్తర్వును నిలబెట్టడానికి నాకు ఏ ఆధారమూ మిగలలేదు. కేసు తిరిగి కౌన్సిల్‌కే వెళ్లింది, ఆ కుటుంబం మళ్లీ మొదటి నుంచి సాక్ష్యం చెప్పవలసి వచ్చింది.

కౌంటరు అఫిడవిట్‌ను బలంగా రాస్తే సరిపోతుంది కదా అని కౌన్సిల్ కార్యాలయం వారు అడుగుతారు. సరిపోదు. ఉత్తర్వు చెల్లుబాటును అందులో రాసిన కారణాలను బట్టే చూడాలి తప్ప తర్వాత అఫిడవిట్‌లో కొత్త కారణాలు చేర్చి దాన్ని నిలబెట్టరాదని మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. విన్నవారే నిర్ణయించాలన్న సూత్రమైతే మన ప్రాంతపు వ్యాజ్యంలో నుంచే పుట్టింది. కృష్ణా జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణపై అభ్యంతరాలను కార్యదర్శి విని, నిర్ణయం ముఖ్యమంత్రి తీసుకోవడం చెల్లదని గుల్లపల్లి నాగేశ్వరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది 1959 నాటి రిపోర్టుల్లో ఉంటుంది. మీరు ఈ బాధ్యత తీసుకుంటే ముందుగా చదవవలసినవి ఆ రెండు తీర్పులే.

వైద్యుల విషయంలో 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలోని 30వ సెక్షన్‌ను, 2002 నాటి వృత్తి నైతిక నియమావళిని పక్కపక్కన పెట్టుకుని చదవండి. 2023 ఆగస్టులో వచ్చిన కొత్త నియమావళిని అదే నెలలో నిలిపివేశారు కాబట్టి 2002 నాటి నియమాలే ఆధారమయ్యాయి. డాక్టరుకు స్వయంగా గానీ న్యాయవాది ద్వారా గానీ చెప్పుకొనే అవకాశం ఇవ్వాలని, ఫిర్యాదును ఆరు నెలల్లో తేల్చాలని అందులోని 8వ అధ్యాయం చెబుతుంది. విచారణ నడుస్తుండగానే, ఫిర్యాదుకు కారణమైన చికిత్సా పద్ధతిని చేయకుండా ఆ డాక్టరును నిరోధించే అధికారం కూడా కౌన్సిల్‌కు ఆ అధ్యాయమే ఇచ్చింది. నా దృష్టిలో ఇది చాలా విలువైన అధికారం. రిజిస్ట్రేషన్ మొత్తాన్ని ఆపకుండా, ప్రమాదం ఉన్న చోటనే ఆపవచ్చు.

విశ్రాంత సూపరింటెండెంటు, విజయవాడ:

పై వారు చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం. ఇటువంటి కార్యాలయంలోనే నేను పనిచేశాను. కార్యాలయం వైపు నుంచి ఒక్క మాట కలుపుతాను. కోర్టు నుంచి రిట్ ప్రతి రాగానే పేరాల వారీ వివరణ పంపమని న్యాయవాది అడుగుతారు. ఆ వివరణ రాసే సీనియర్ అసిస్టెంటుకు చట్టం తెలియకపోవచ్చు, ఆయన పాత ఫైలులోని మాటలనే మళ్లీ ఎక్కించి పంపుతారు. మీరు దాన్నే కౌంటరుగా మార్చి సంతకానికి పంపితే కేసు అక్కడే పోయినట్లు. ఒక్కసారి కార్యాలయానికి వచ్చి నోట్ ఫైలు (కార్యాలయంలో రాసుకున్న అభిప్రాయాలు), కరెస్పాండెన్స్ ఫైలు (వచ్చిన, పంపిన ఉత్తరాలు) రెండూ మీరే తిరగేయండి. నోటీసు ఏ తేదీన బయటికి వెళ్లిందో డిస్పాచ్ రిజిస్టరులో చూడండి, తపాలా రశీదు ఫైలులో అతికించి ఉందో లేదో చూడండి. డాక్టరు పాత చిరునామాకు పంపిన నోటీసు తిరిగి వచ్చి, ఆ కవరు విప్పకుండానే ఫైలులో పడి ఉండడం కూడా జరుగుతుంది. అది మీకంటే ముందు ఎదుటి న్యాయవాదికి తెలియకూడదు.

నైతిక కమిటీలో పనిచేసిన వైద్యుడు, విజయవాడ:

న్యాయవాది అవసరం ఎక్కడ ఉందో కమిటీ గదిలో కూర్చున్నవాడిగా చెబుతాను. మేము వైద్యులం. కేసు షీటు చూడగానే ఆ రోగిని ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాల్సిందో, ఎందుకు పంపలేదో మాకు అర్థమవుతుంది. కానీ మాకు అర్థమైనది కాగితం మీదికి రాదు. "అజాగ్రత్త కనిపిస్తున్నది" అని రాసి ఊరుకుంటాము. రక్తపోటు ఏ గంటకు ఎంత పడిపోయింది, అప్పుడు చేయవలసిన పని ఏమిటి, చేసినది ఏమిటి, ఆ డాక్టరు ఇచ్చిన వివరణను ఎందుకు ఒప్పుకోలేదు అన్నవి వరుసగా రాయమని మాకు నేర్పినది ఒక న్యాయవాదే. ఆయన దగ్గర మరొక పద్ధతి కూడా ఉండేది, దాన్ని మీరూ పాటించాలని కోరుతున్నాను. అభియోగాల ముసాయిదా ఆయనే చూసిన కేసులో, మేము నిర్ణయం చర్చించుకునేటప్పుడు ఆయన గదిలో ఉండేవారు కాదు. ఆరోపణ రాసినవారే తీర్పరుల చెవిలో మాట్లాడితే, ఎదురుగా నిలబడ్డ డాక్టరుకు ఆ విచారణ మీద నమ్మకం ఎలా కలుగుతుంది?

నిర్దోషిగా తేలిన డాక్టరు కూడా ఆ నోటీసు అందిన నాటి నుంచి నిద్రకు దూరమవుతాడని దయచేసి గుర్తుంచుకోండి. ఆరు నెలల గడువును పాటించేలా కౌన్సిల్‌ను తొందరపెట్టగలిగితే ఉభయులకూ ఉపకారం చేసినవారవుతారు.

అరండల్‌పేట న్యాయవాది, గుంటూరు:

అందరికీ కృతజ్ఞతలు. పక్షం గురించిన సందేహం చాలావరకు తీరింది. ఒక్క విషయం మిగిలింది. నేను రోగుల తరఫున వినియోగదారుల కమిషన్‌లో నడుపుతున్న కేసుల్లో, అదే ఘటన మీద కౌన్సిల్‌లోనూ ఫిర్యాదులు ఉన్నవి కొన్ని ఉన్నాయి. వాటి మాటేమిటి?

మాజీ స్టాండింగ్ కౌన్సెల్, విజయవాడ:

ఆ ఘటనలకు సంబంధించి కౌన్సిల్ తరఫున మీరు హాజరు కాకూడదు, సలహా కూడా ఇవ్వకూడదు. ఒక విషయంలో ఒకరికి సలహా చెప్పిన లేదా ప్లీడింగ్స్ (దావా, జవాబు పత్రాలు) రాసిన న్యాయవాది అదే విషయంలో ఎదుటివారి తరఫున పనిచేయరాదని బార్ కౌన్సిల్ 33వ నియమం చెబుతుంది. కౌన్సిల్ మీ రోగికి ఎదుటి పక్షమా కాదా అన్న వాదనలోకే దిగకండి. ఫిర్యాదును కౌన్సిల్ కొట్టివేసిన రోజున తప్పకుండా ఎదుటి పక్షమే అవుతుంది. దరఖాస్తుతోనే ఆ కేసుల జాబితాను రాతపూర్వకంగా ఇచ్చి, వాటిని మరొక న్యాయవాదికి అప్పగించమని కోరండి.

నియామకం వచ్చాక రిజిస్ట్రారు గారిని కలిసి, పెండింగులో ఉన్న రిట్‌లలో మధ్యంతర ఉత్తర్వులతో ఆగిపోయినవి ఏవో ముందు అడగండి. కౌన్సిల్‌కు ప్రతులు ఇవ్వకుండా, దాని వాదన వినకుండా వచ్చిన స్టే అయితే, దాన్ని ఎత్తివేయమని పిటిషన్ వేసినప్పుడు రెండు వారాల్లో తేల్చాలని 226(3) అధికరణం చెబుతుంది. అటువంటి స్టేలతో ఏళ్ల తరబడి కదలని ఫైళ్లు ఉంటాయి, వాటిలో ప్రమాదకరమైన ఆరోపణలు ఉన్నవాటితో మొదలుపెట్టండి.