గడువు తీరిన డొమైన్ పేరును రిజిస్ట్రారే వేలం వేయడం న్యాయమేనా?

ప్రశ్న:
డొమైన్ పేరుకు, అంటే వెబ్‌సైటు చిరునామాకు, గడువులోగా రుసుము కట్టకపోతే, ఆ పేర్లను మనకు నమోదు చేసిపెట్టే చాలా రిజిస్ట్రార్ సంస్థలు ఆ పేరును రద్దు చేయకుండా నేరుగా వేలానికి పెడుతున్నాయి. నమోదు సమయంలో ఆ షరతుకు మనం అంగీకరించే ఉంటాం. అంతమాత్రాన అది న్యాయమవుతుందా?

మొదటి అభిప్రాయం:
ఇందులో నాకు అన్యాయం కనిపించడం లేదు. డొమైన్ పేరును ఎవరూ శాశ్వతంగా కొనుక్కోరు. డాట్‌కామ్ పేరు ఒక్కసారిగా 10 ఏళ్లకు మించి నమోదు కాదు. గడువు తీరగానే రిజిస్ట్రీ (డాట్‌కామ్ పేర్లన్నిటి జాబితాను నిర్వహించే సంస్థ) దాన్ని తనంతట తానే మరో ఏడాదికి పొడిగించి, ఆ రుసుమును రిజిస్ట్రార్ ఖాతాలో నుంచి తీసుకుంటుంది. 45 రోజుల్లోగా పేరును రద్దు చేస్తేనే ఆ సొమ్ము రిజిస్ట్రార్‌కు తిరిగి వస్తుంది, లేకపోతే ఆ ఖర్చు దాని మీదే పడుతుంది. పైగా మంచి పేరు ఎవరైనా నమోదు చేసుకునేలా విడుదలైతే, అందుకోసమే నడిపే ప్రోగ్రాములు దాన్ని క్షణాల్లో పట్టేసుకుంటాయి. కాబట్టి వేలం ఆపినంత మాత్రాన పాత యజమానికి ఒరిగేదేమీ లేదు.

రెండో అభిప్రాయం:
మీరు చెప్పిన లెక్కలన్నీ సరైనవేనండీ, కానీ రద్దుకూ విడుదలకూ నడుమ ఉన్న 30 రోజుల విమోచన గడువును మీరు వదిలేశారు. ఆ రోజుల్లో పేరును ఇంకెవరికీ బదిలీ చేయడానికి వీల్లేదు. అదనపు రుసుము కట్టి పాత యజమాని మాత్రమే దాన్ని వెనక్కి తీసుకోగలరు. వేలంలో గెలిచినవారికి పేరును నేరుగా మార్చేస్తే రద్దు అన్నదే జరగదు కనుక, ఆ 30 రోజులు యజమానికి దక్కకుండా పోతాయి. నా అభ్యంతరమంతా ఇక్కడే.

డొమైన్ పేర్ల వ్యవస్థకు నియమాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఐకాన్. 2013 నుంచి అమల్లో ఉన్న దాని విధానం ప్రకారం గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు మరోసారి, గడువు తీరాక 5 రోజుల్లోగా ఇంకోసారి రిజిస్ట్రార్ గుర్తుచేయాలి. అయితే నమోదులో ఇచ్చిన ఈమెయిల్ చిరునామా అదే డొమైన్‌ది అయితే, పేరు పనిచేయడం ఆగిన వెంటనే ఆ మెయిలూ ఆగిపోతుంది. అప్పుడు చివరి హెచ్చరిక ఎవరికి అందుతుంది? (రిజిస్ట్రార్ దగ్గర వేరే డొమైన్ మీదున్న చిరునామా ఇవ్వమని అందరినీ వేడుకుంటున్నాను.) పేరు చేతులు మారాక ఆ చిరునామాలకు వచ్చే ఉత్తరాలన్నిటినీ, వాటితో తెరిచిన ఖాతాల పాస్‌వర్డు మార్చే లింకులతో సహా, కొత్తవారు అందుకోగలరు. ఇంత నష్టం ఉన్నచోట, గుర్తుచేయవలసిన సంస్థకే మన మరుపు వల్ల లాభం రావడం సరికాదు.

మొదటి అభిప్రాయం చెప్పినవారు:
విమోచన గడువు విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. వేలం జరిగిన తర్వాత కూడా 30 రోజుల్లోగా పాత యజమాని రుసుము కడితే ఆ వేలం చెల్లదనే నియమం పెడితే నాకు అభ్యంతరం లేదు. వేలాన్నే నిషేధించాలంటే మాత్రం ఒప్పుకోలేను.

రెండో అభిప్రాయం చెప్పినవారు:
నిషేధం నేనూ కోరడం లేదండీ. ఆ నియమం ఒక్కొక్క రిజిస్ట్రార్ ఇష్టానికి వదలకుండా ఐకాన్ విధానంలోనే ఉండాలని మాత్రం పట్టుబడతాను.